ఇల్లు కొనుక్కోవచ్చు, వాడకట్టు కొనగలమా?

అమెరికా గురించి తెలుగులో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం రెండు మాటల చుట్టూనే తిరిగాయి. ఒకటి స్వర్గం, రెండోది సామ్రాజ్యవాదం. స్వర్గమన్నవాళ్లు వీసా కేసి చూశారు. సామ్రాజ్యవాదమన్నవాళ్లు వియత్నాం కేసి చూశారు. ఆ దేశం లోపల ఒక మామూలు కుటుంబం నాలుగు గదుల ఇల్లు కొనుక్కోవాలంటే ఏమయింది అన్న సంగతి ఇద్దరికీ చిన్నదిగానే కనిపించింది. మాకు మాత్రం అది చిన్న సంగతి కాదు. ఒక దేశం తన మనిషి ఎవరో, పరాయి ఎవరో తేల్చి చెప్పేది పార్లమెంటులో కాదు, ఇంటి గుమ్మం దగ్గరే. యుద్ధం తర్వాత అమెరికా చూసిన పాతికేళ్ల సిరిని ఆ గుమ్మం దగ్గర నిలబడి చూద్దామన్నది మా ప్రయత్నం. అందుకు ఒక నాటకాన్ని ఆసరా చేసుకుంటున్నాం. లొరెయిన్ హాన్స్‌బెరీ రాసిన 'ఎ రైజిన్ ఇన్ ద సన్' అది. 1959 మార్చి 11న న్యూయార్కు బ్రాడ్‌వేలో మొదటి ప్రదర్శన జరిగింది. ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే ఎక్కడం అదే మొదటిసారి.

ముందు ఆ సిరి సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ ఫ్యాక్టరీలు, జపాన్ పట్నాలు బూడిదయ్యాయి. అమెరికా గడ్డ మీది కర్మాగారాలు మాత్రం చెక్కు చెదరలేదు. 1950లో సుమారు 30,000 కోట్ల డాలర్లున్న ఆ దేశ ఉత్పత్తి 1960 నాటికి 50,000 కోట్లు దాటింది. 1950లో నూరిళ్లలో తొమ్మిదింట్లోనే టీవీ ఉండేది. పదేళ్లకు ఎనభై ఏడింట్లోకి వచ్చేసింది. సొంత ఇల్లున్న కుటుంబాలు 1940లో నూటికి 44 ఉంటే 1960లో 62 అయ్యాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు 1944 చట్టం కింద చదువు, అప్పు, ఇల్లు అన్నిటికీ సర్కారు దన్ను దొరికింది. ముప్పయ్యేళ్లలో తీర్చుకునే అప్పు, చేతి నుంచి పెట్టాల్సింది నామమాత్రం. ఊరి బయట కాలనీలు మొలిచాయి. న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ 1947 నుంచి 1951 దాకా 17,447 ఇళ్లు కట్టింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. కష్టమంతా డబ్బుది, ఇటుకది, మేస్త్రీది అని ఆ సామెత ఉద్దేశం. కానీ డబ్బు చేతిలో ఉన్నా, ఇల్లు కళ్లెదుట ఉన్నా తాళంచెవి చేతికి రాని మనుషులుంటారు. వాళ్ల సంగతి ఆ సామెత చెప్పదు. లెవిట్‌టౌన్ తొలి ఒప్పందపత్రాల్లో ఒక షరతు ఉండేది. ఈ ఇంట్లో తెల్లవాళ్లు తప్ప వేరే జాతివాళ్లు కాపురం ఉండకూడదు, పనివాళ్లుగా మాత్రం ఉండొచ్చు. అంటే నల్లామె ఆ ఇంటి వంటగదిలో గిన్నెలు తోమొచ్చు, ఆ ఇంటికి యజమానురాలు మాత్రం కాకూడదు! ఇది ఒక కంపెనీ పెట్టుకున్న నియమం మాత్రమే అనుకుంటే పొరపాటు. 1934లో పుట్టిన సర్కారీ గృహరుణ బీమా సంస్థ నిబంధనల పుస్తకమే ఇలాంటి జాతి షరతులు ఉండటం మంచిదని చెప్పింది. నల్లవాళ్లున్న పేటలను రుణానికి పనికిరానివిగా లెక్కగట్టింది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో మాజీ సైనికులకు సర్కారు హామీతో 3,229 రుణాలు అందితే అందులో నల్ల సైనికులకు దక్కినవి రెండు. రెండంటే రెండే. యుద్ధంలో అందరి నెత్తురూ ఎర్రగానే కారింది. అప్పు దగ్గరికి వచ్చేసరికి చర్మం చూశారు.

హాన్స్‌బెరీ నాటకం ఈ లెక్కల్లో ఒక్కటీ చెప్పదు. చికాగో దక్షిణపు పేటలో ఒక ఇరుకు ఫ్లాటు చూపిస్తుంది. మూడు తరాల యంగర్ కుటుంబం అందులో కాపురం. స్నానాల గది పక్కింటివాళ్లతో కలిపి. పిల్లవాడు ట్రావిస్ పడక ముందుగది సోఫా మీద. కొడుకు వాల్టర్ లీ ఒక తెల్ల దొర కారు డ్రైవరు. కోడలు రూత్ ఇతరుల ఇళ్లలో పాచిపని చేస్తుంది. కూతురు బెనీథా డాక్టరు చదువుతోంది. ఇంటి పెద్ద చనిపోగా 10,000 డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. వాల్టర్‌కు మందు దుకాణం పెట్టాలని ఉంది. తల్లి లీనాకు ఒక ఇల్లు కావాలి. ఆమె 3,500 డాలర్లు బయానా కట్టేసి వస్తుంది. ఆ ఇల్లు క్లైబోర్న్ పార్కులో, తెల్లవాళ్ల పేటలో ఉంది. ఆమె ఏ ఉద్యమం కోసమూ అక్కడ కొనలేదు. నల్లవాళ్ల కోసం ఎక్కడో దూరాన కట్టే ఇళ్లు రెండింతల ధర పలుకుతున్నాయి కాబట్టి కొన్నది. ఈ ఒక్క మాటలో ఆనాటి చికాగో ఆర్థిక వ్యవస్థంతా ఉంది. బ్యాంకు అప్పు పుట్టని నల్ల కుటుంబాలకు దళారులు ఇళ్లను ఇబ్బడిముబ్బడి ధరకు వాయిదాల మీద అమ్మేవాళ్లు. ఒక్క వాయిదా తప్పితే కట్టిందంతా గంగపాలు, ఇల్లు మళ్లీ దళారి చేతికే. పేదవాడి దగ్గర ఎక్కువ గుంజడం ఆ సిరి కాలానికి అపవాదం కాదు, దాని పునాదుల్లో ఒకటి.

ఉర్దూలో మకాన్ వేరు, ఘర్ వేరు. మకాన్ అంటే గోడలు, కప్పు. ఘర్ అంటే మనుషులు, మర్యాద, సాయంత్రం తిరిగి రావాలనిపించే చోటు. తెలుగులో రెండింటికీ ఇల్లనే అంటాం. ఆ కాలపు అమెరికా గురించి ఆర్థిక శాస్త్రవేత్తలు రాసిందంతా మకాన్ చరిత్ర. హాన్స్‌బెరీ రాసింది ఘర్ చరిత్ర. మకాన్ పత్రాల మీద చేతులు మారుతుంది. ఘర్ అవ్వాలంటే ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ దొరకదు.

ఇక లిండ్నర్ గురించి చెప్పుకోవాలి. నాటకంలో ఒకే ఒక్క తెల్ల పాత్ర. మా దృష్టిలో ఆ కాలపు సాహిత్యం సృష్టించిన అతి ముఖ్యమైన పాత్రల్లో ఒకటి. అతను ముసుగు వేసుకుని రాడు. తుపాకి తేడు, తిట్టడు. కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని, కొత్తగా వచ్చేవాళ్లను పలకరించే కమిటీ తరఫున వచ్చానంటాడు. మాకు మీ మీద ద్వేషం లేదు, ఎవరివాళ్ల మధ్య వాళ్లుంటేనే అందరికీ సుఖం అన్న ధోరణిలో మాట్లాడతాడు. చివరికి, మీరు రాకుండా ఉంటే కట్టిన దానికన్నా ఎక్కువే ఇస్తామంటాడు. ఎంత మర్యాద! ఈ మర్యాద మా ముస్లిం పాఠకులకు కొత్త కాదు. కిరాయికి ఇల్లు అడగబోయి పేరు చెప్పగానే "మాకేం లేదండీ, మా ఇంట్లో పెద్దవాళ్లకే పట్టింపు" అన్న మాట విన్న వాళ్లెవరైనా లిండ్నర్‌ను చూడగానే గుర్తుపడతారు. వివక్ష ఎప్పుడూ కత్తి పట్టుకునే రాదు. చాలాసార్లు కమిటీ తరఫున, అందరి మేలు కోరి వస్తుంది. ఆ మర్యాదకు చోటివ్వని వాళ్ల కోసమే కత్తి వెనకాల ఉంటుంది.

ఆ కత్తి ఎలాంటిదో చికాగోకు బాగా తెలుసు. 1951 జులైలో ఆ నగరం పక్కనే ఉన్న సిసెరోలో ఒక నల్ల మాజీ సైనికుడు ఫ్లాటు కిరాయికి తీసుకుంటే వేలమంది గుమిగూడారు. సామాను కిటికీల్లోంచి పారేసి తగలబెట్టారు. నేషనల్ గార్డు దిగితే గాని అల్లరి అణగలేదు. హాన్స్‌బెరీకి ఇది విన్న కథ కాదు. 1937లో ఆమె తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నాడు. గుంపు ఇంటి మీదికి వచ్చింది. కిటికీలోంచి దూసుకొచ్చిన రాయి చిన్నపిల్ల లొరెయిన్‌కు తగలబోయి తప్పింది. రాత్రిళ్లు తల్లి పిస్తోలు పట్టుకుని కాపలా కాసింది. తండ్రి కోర్టుకెక్కి, 1940లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. అయితే ఆ గెలుపు సాంకేతిక కారణం మీద వచ్చింది, జాతి షరతు తప్పని కోర్టు అనలేదు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదన్న తీర్పు 1948లో గాని రాలేదు. అప్పటికి కార్ల్ హాన్స్‌బెరీ లేడు. కుటుంబాన్ని మెక్సికోకు తరలించాలనుకుని, 1946లో అక్కడే కన్నుమూశాడు. దేశపు అత్యున్నత న్యాయస్థానంలో గెలిచిన మనిషి ఆ దేశాన్నే వదిలిపోవాలనుకున్నాడు. ఆయన గెలిచింది కేసు. వాడకట్టు కాదు.

నాటకానికి న్యూయార్కు విమర్శకుల అవార్డు వచ్చింది. పొగడ్తలూ వచ్చాయి. ఆ పొగడ్తల దగ్గరే మా పేచీ. ఇది నల్లవాళ్ల నాటకం కాదు, మనుషులందరి నాటకం, ఏ కుటుంబమైనా కావచ్చు అని చాలామంది తెల్ల విమర్శకులు మెచ్చుకున్నారు. చూడటానికి గొప్ప ప్రశంస. నిజానికి అది లిండ్నర్ చేసిన పనే. మీరు మంచివాళ్లే, మీ పేట ఒక్కటి వదిలేసి రండి అన్నట్టుగా, మీ కథ మంచిదే, మీ నల్లదనం బయట విడిచి లోపలికి రండి అన్నారు. యంగర్ కుటుంబం ఏ కుటుంబమైనా అయితే లిండ్నర్ ఆ గుమ్మం ఎందుకు తొక్కుతాడు? నిర్దిష్టమైన బాధను చెరిపేసి సంపాదించే విశ్వజనీనత మాకు అక్కర్లేదు. 1991లో 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చిన తెలుగులో కూడా ముందు కవులు కండి, తర్వాత ముస్లింలు కావచ్చు అన్న సలహాలకు కొదవలేదు. ఆ సలహా ఇచ్చిన వాళ్లందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. లిండ్నర్ కూడా చెడ్డవాడు కాడు. అదే కదా చిక్కు.

ఇంకో సంగతి. నాటకంలో మిసెస్ జాన్సన్ అనే పక్కింటామె వచ్చే దృశ్యం ఒకటుంది. తెల్లవాళ్ల పేటలోకి వెళ్లిన నల్ల కుటుంబం ఇంటి మీద బాంబు పడిందన్న వార్త ఉన్న పత్రికను ఆమె తెస్తుంది. నిడివి తగ్గించడం కోసం 1959 ప్రదర్శనలో ఆ దృశ్యం తీసేశారు. తర్వాతి కాలపు ప్రచురణల్లో మళ్లీ చేరింది. ఒక్క దృశ్యం పోతే ఏమవుతుంది? ముగింపు మారిపోతుంది. వాల్టర్ మందు దుకాణం కోసం ఇచ్చిన సొమ్ముతో స్నేహితుడు ఉడాయించాక, లిండ్నర్ డబ్బు తీసుకోవడానికి వాల్టర్ సిద్ధపడతాడు. కన్నకొడుకు ఎదురుగా నిలబడితే ఆ మాట నోట రాదు. మేం ఆ ఇంటికి వస్తున్నాం అంటాడు. సామాను కదులుతుంది. బాంబు వార్త వినని ప్రేక్షకుడు ఇది సుఖాంతం అనుకుని చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. విన్నవాడికి మాత్రం ఆ సామాను బండి ఎటు పోతోందో తెలుసు. దుకాణం సొమ్మూ పోయింది, చెల్లెలి చదువు సొమ్మూ పోయింది. మిగిలింది ఒక ఇల్లు, నెలనెలా కట్టాల్సిన అప్పు, చుట్టూ శత్రువులు, ఇజ్జత్. హాన్స్‌బెరీ రాసింది సుఖాంతం కాదు, తెగింపు.

ఇదే 1959లో ఇంకో రెండు ఘటనలున్నాయి. మూడింటినీ పక్కపక్కన పెడితేనే ఆ కాలం పూర్తిగా కనబడుతుంది. జులై 24న మాస్కోలో జరిగిన అమెరికా ప్రదర్శనలో ఉపాధ్యక్షుడు నిక్సన్ ఒక నమూనా ఇంటి వంటగది దగ్గర నిలబడి సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌తో వాదన వేసుకున్నాడు. 14,000 డాలర్ల ఇలాంటి ఇల్లు మా ఉక్కు కార్మికుడెవరైనా కొనుక్కోగలడన్నాడు. ఆ సమయానికి అమెరికాలో అయిదు లక్షల మంది ఉక్కు కార్మికులు సమ్మెలో ఉన్నారు. నల్ల ఉక్కు కార్మికుడికి ఆ ఇల్లు ఎవరు అమ్ముతారన్న ప్రశ్న ఆ వంటగదిలో రాలేదు. ఇల్లు అప్పటికే ప్రచ్ఛన్నయుద్ధంలో ఆయుధం. సొంత ఇల్లూ జాగా ఉన్నవాడు కమ్యూనిస్టు కాలేడు, వాడికి తీరికెక్కడిది అన్నది బిల్డరు విలియం లెవిట్ సిద్ధాంతం. ఇల్లు అడిగే నల్లవాడి మీద మాత్రం కమ్యూనిస్టు అనుమానం! పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును 1950లో లాక్కుని 1958 దాకా ఇవ్వలేదు. ఆయన పత్రిక 'ఫ్రీడమ్'లో పనిచేసిన హాన్స్‌బెరీ మీద ఎఫ్.బి.ఐ. ఫైలు తెరిచింది. నాటకం బ్రాడ్‌వేకి రాకముందే ఒక మనిషిని పంపి, ఇందులో కమ్యూనిజం ఉందా అని రిపోర్టు రాయించుకుంది. విమర్శకులకు ఏ కుటుంబమైనా అనిపించింది పోలీసులకు అలా అనిపించలేదు. రచయిత ఉద్దేశాన్ని కనిపెట్టడంలో ఒక్కోసారి పోలీసులే మెరుగు.

రెండో ఘటన కూడా ఆ జులైలోనిదే. నేషన్ ఆఫ్ ఇస్లాం మీద 'ద హేట్ దట్ హేట్ ప్రొడ్యూస్డ్' అనే కార్యక్రమం న్యూయార్కు టీవీలో వచ్చింది. తెల్ల అమెరికా మాల్కం ఎక్స్ ముఖం చూసి ఉలిక్కిపడింది. ద్వేషం అన్న మాట ఆ కార్యక్రమం పేరులోనే రెండుసార్లు ఉంది. మాల్కం తండ్రి 1929లో మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో ఇల్లు కొంటే, జాతి షరతు చూపించి ఖాళీ చేయమని కోర్టు చెప్పింది. ఆ సంవత్సరమే ఇల్లు తగలబడిపోయింది. నాలుగేళ్ల పిల్లవాడు ఆ మంట చూశాడు. ద్వేషం గురించి టీవీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ మంట ఎవరిది అన్నది కదా. మాల్కం, హాన్స్‌బెరీ ఇద్దరూ పుట్టింది మే 19నే, అయిదేళ్ల తేడాతో. 1965 జనవరి 12న, 34 ఏళ్లకే క్యాన్సర్‌తో ఆమె చనిపోతే అంత్యక్రియలకు మాల్కం వచ్చాడు. నెల తిరగ్గానే ఫిబ్రవరి 14న అతని ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. వారానికి అతన్ని కాల్చి చంపారు. ఒకరు ఆ వాడకట్టులోకి వెళ్లి తీరతామన్నారు, ఇంకొకరు ఆ వాడకట్టే మాకొద్దన్నారు. ఇద్దరికీ ఇల్లే మొదటి పాఠం.

మతం విషయంలోనూ అదే కొలత. ఆ దశాబ్దంలో అమెరికా దేవుణ్ణి గట్టిగా పట్టుకుంది. 1954లో ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేర్చారు, 1956లో దేవుడి మీద నమ్మకాన్ని జాతీయ నినాదం చేశారు. 1955లో విల్ హెర్బెర్గ్ రాసిన పేరున్న పుస్తకం ఆ దేశంలో అమెరికన్ కావడానికి మూడు దారులని తేల్చింది: ప్రొటెస్టెంట్, క్యాథలిక్, యూదు. తాతల కాలంలో పరాయివాళ్లనిపించుకున్న ఇటలీ, పోలండ్, ఐర్లండ్ వలసదారుల పిల్లలు, యూదుల పిల్లలు ఈ సిరి కాలంలోనే, ఈ కాలనీల్లోనే మామూలు అమెరికన్లయ్యారు. సంతోషమే. కానీ గుమ్మం దాటినవాళ్లలో చాలామంది వెనకాల తలుపు వేసేశారు. ఆ లెక్కలో నాలుగో దారి లేదు. అయోవా రాష్ట్రం సీడర్ రాపిడ్స్‌లో 1934 నుంచే మసీదు ఉన్నా, 1957లో వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్ ప్రారంభానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవరే వచ్చినా ముస్లిం అతిథే, ఇంటిమనిషి కాడు.

ఆడవాళ్ల సంగతీ చూడాలి. 1963లో బెట్టీ ఫ్రీడన్ కాలనీ ఇల్లాలి పేరులేని దిగులు గురించి రాసింది. గొప్ప పుస్తకమే. కానీ ఆ ఇల్లాలు వంటగది దాటి బయటికి వెళితే ఆ వంటగది ఎవరు తుడుస్తారని 1984లో బెల్ హుక్స్ నిలదీసింది. హాన్స్‌బెరీ నాటకంలో జవాబు ముందే ఉంది. రూత్ తుడుస్తుంది. కడుపులో బిడ్డ పడితే ఈ ఇరుకులో ఇంకో ప్రాణానికి చోటెక్కడిదని, తీయించుకోవడానికి డబ్బు కట్టి వచ్చే రూత్. సంపద గురించిన ఏ గణాంకం కన్నా ఆ ఒక్క దృశ్యం బరువైనది. 1959లో దేశం మొత్తం మీద నూటికి 22 మంది పేదలైతే నల్లవాళ్లలో నూటికి 55 మంది.

నాటకంలో లోపాలు లేవని కాదు. ఇంత పోరాటమూ ఒక ఇంటి కోసమా, తెల్ల మధ్యతరగతి కలనే నల్లవాళ్లకు అంటగట్టిందని అమిరి బరాకా మొదట్లో కొట్టిపారేశాడు. పాతికేళ్ల తర్వాత ఆయనే మాట మార్చుకుని, ప్రజల మనసులో ఉన్నది ఆమే పట్టుకుందని రాశాడు. మా మాట వేరు. ఇల్లు కావాలనుకోవడం మధ్యతరగతి యావ అని అనగలిగేది ఇల్లున్నవాళ్లే. కానీ ఇల్లు దొరికితే సరిపోతుందా అన్న ప్రశ్నకు నాటకం జవాబివ్వదు. చరిత్ర ఇచ్చింది. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ చికాగోకే వచ్చి ఇళ్ల కోసం ఊరేగితే మార్కెట్ పార్కులో రాయి తగిలింది. గృహ వివక్షను నిషేధించే చట్టం 1968 ఏప్రిల్‌లో, కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. ఒక ఇంటి తాళంచెవికి ఆ దేశం అడిగిన ధర అది.

ఇప్పుడు మన సంగతి. 1946 చట్టం భారతీయులకు ఏడాదికి నూరు మంది చొప్పున తలుపు ఓరగా తెరిచింది. బార్లా తెరిచింది 1965 అక్టోబరు చట్టం. పౌరహక్కుల ఉద్యమం జాతి లెక్కలను సిగ్గుపడేలా చేసిన గాలిలోనే ఆ చట్టం వచ్చింది. ఆ తలుపులోంచి తెలుగువాళ్లు వెళ్లారు. హైదరాబాదు ముస్లింలు కూడా వెళ్లి, చాలామంది చికాగోలోనే దిగారు. యంగర్ కుటుంబం ఊరు అది. హలీం దొరికే వీధులు వెలిశాయి, మసీదులు లేచాయి, తర్వాత శివార్లలో ఇళ్లు వచ్చాయి. ఆ ఇళ్ల ఫోటోలు మన ఇళ్ల గోడల మీదా ఉన్నాయి. కష్టపడి సంపాదించుకున్నారు, ఎవరూ కాదనరు. కానీ తాళంచెవి తిప్పినప్పుడు తలుపు తెరుచుకున్నది ఒక్క వాళ్ల కష్టం వల్లేనా? ముందు ఆ తలుపుకు భుజం ఆనించి నెట్టినవాళ్లెవరు?

2001 సెప్టెంబరు తర్వాత ఆ శివార్లలోనే మసీదు కట్టుకుంటామంటే ట్రాఫిక్ పెరుగుతుంది, పార్కింగ్ చాలదు అన్న మర్యాదైన అభ్యంతరాలు కొన్ని ఊళ్లలో లేచాయి. లిండ్నర్ ఇంకా బతికే ఉన్నాడు, ఈసారి మన గుమ్మం ముందున్నాడు. అది మనం చెప్పుకోవాలి, చెప్పుకుంటాం. దాంతో పాటు ఇంకోటి కూడా అడగాలి. ఆ కాలనీల్లోకే రేపు ఒక నల్ల కుటుంబం వస్తే, ఇళ్ల ధరలు పడిపోతాయని గొంతు తగ్గించి మాట్లాడుకునే వాళ్లలో మనవాళ్లు ఉంటారా? ఇక్కడ మన అపార్ట్‌మెంటులోకి దళిత కుటుంబం వస్తే? మన మొహల్లాలోనే బిరాదరీ అడిగి కిరాయికిచ్చే పెద్దల సంగతి ఏమిటి? యంగర్ల దుఃఖాన్ని మన దుఃఖంగా చదువుకోవడం సులువు. టోపీ చేతిలో పట్టుకుని, గొంతు సవరించుకుని, మర్యాదగా గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కూడా ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. అది ఎవరి మొహమైనా కావచ్చు. విశ్వజనీనత అంటూ ఉంటే, ముందు అక్కడ వెతుకుదాం.